జాసూసు పోయిన పొద్దు

మా కాకాను నేను ఒకసారి చంపేశాను. కేసు కాలేదు, పోలీసులు రాలేదు. ఆయన చనిపోయిన సంగతి ధర్మాబాద్ మొత్తానికి తెలుసు, కుండల్‌వాడిలో సగం మందికి తెలుసు, ఆయనకొక్కడికే తెలియదు. ఆయన నాందేడ్‌లో దవాఖాన మంచం మీద పడుకుని, ఆపరేషన్ అయ్యాక మొదట ఏం తిననిస్తారని నర్సును వేధిస్తున్నాడు. మీరు హాయిగా నవ్వుకోండి. నాకింకా సగం నోటితోనే నవ్వడం వచ్చు.

కాకా అంటే మా బాపుకు తమ్ముడు. ధర్మాబాద్ మోండాలో, అంటే ధాన్యం బజారులో, గింజల దుకాణం నడిపేవాడు. గుప్పెట్లోకి తీసుకోగానే జొన్నలో తేమ ఎంతుందో చెప్పగలిగిన మనిషి, తన కడుపులో గడ్డ పెరుగుతున్న సంగతి మాత్రం ఆలస్యంగా పసిగట్టాడు. నాందేడ్ పెద్ద ఊరు, పెద్ద డాక్టర్లున్న ఊరు, పైగా స్టేషనరీ దుకాణం పెట్టుకుని నేనున్న ఊరు. ఈ మూడింటిలో మొదటి రెండూ ఆయనకు మేలు చేశాయి.

ఆ రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ ఒక సీరియల్ పిచ్చి పట్టింది. అందులో హీరో నెత్తురు తాగే పిశాచి. పగలు శవపేటికలో నిద్రపోతాడు, రాత్రి హత్యల గుట్టు విప్పుతాడు. ఎండ తగిలితే బూడిదైపోయే ఆ మనిషికి, అదే ఆ మనిషి కానివాడికి, ఆదిత్య అని పేరు పెట్టారు. అతను ప్రేమించిన అమ్మాయి నిఖార్సైన మనిషి. పోయి పోయి రక్తనిధిలో ఉద్యోగం. ఆకలిగొన్న పిల్లి పాలకేంద్రంలో పనిచేసే పిల్లను ప్రేమించినట్టన్నమాట. ఆమె కోసం ఇక మనిషి నెత్తురు ముట్టనని ఒట్టు పెట్టుకుని, ఎపిసోడ్ ఎపిసోడ్‌కూ చిక్కిపోతుంటాడు.

కాకా అతన్ని పేరుతో పిలవలేదు ఎప్పుడూ. "జాసూసు" అనేవాడు, అంటే డిటెక్టివ్, అదీ మేనల్లుణ్ణి పిలిచినట్టు. 

"పెండ్లిచూపులు పగటిపూట పెడితే ఎట్ల పోతడురా వాడు?" అని ఒకనాడు నిజంగానే దిగులుపడ్డాడు.

"గొడుగు పట్టుకోని పోతడేమో కాకా."

"గొడుగు పట్టుకోని అచ్చినోనికి పిల్లనెవడిస్తడురా?"

దవాఖానలో చేరాక ఆయనకు సీరియల్ అందకుండా పోయింది. చిన్న తెర మీద చూపు ఆనదు. డబ్బింగ్ హిందీ వింటే "ఇది మన హిందీ కాదురా, మందుచీటీ మీద రాత లెక్కున్నది" అనేవాడు. అందుకని రోజూ పొద్దున్నే నేను ఎపిసోడ్ చూసి, కథను మన తెలుగులో చెప్పి, ఆయన ఫోన్‌కు వాయిస్ మెసేజ్ పంపేవాణ్ణి. చిన్నమ్మ దాన్ని ఆయన చెవి దగ్గర పెట్టేది. ఊరికే చెప్పేవాణ్ణా? గొంతు మార్చేవాణ్ణి, గాలి ఊదేవాణ్ణి, వెక్కిళ్లు పెట్టేవాణ్ణి. స్కూల్లో నాటకం వేస్తే నాకు చెట్టు వేషమిచ్చారు. ఆ కసి అంతా ఆ మెసేజ్‌లలో తీర్చుకున్నాను.

ఆపరేషన్ రోజు రానే వచ్చింది. కడుపు కోయాలంటే ముందు నెత్తురు సిద్ధంగా ఉండాలని, నలుగురు మనుషుల్ని తెచ్చుకోమని డాక్టరు చెప్పాడు. నేను అప్పటికే వారం కింద ఒకసారి ఇచ్చి, ఇచ్చినచోటే కళ్లు తిరిగి పడి, గ్లూకోజు తాగి లేచాను. ఇక నా నెత్తురు వద్దన్నారు. కాబట్టి కాకా కొడుకు రాజు, చిన్నమ్మ తమ్ముడు సాయన్న మామ, వరసకు తమ్ముళ్లయ్యే ఇంకో ఇద్దరు పొద్దున్నే ధర్మాబాద్ నుంచి జీపులో బయల్దేరి రావాలని ఇంటి గ్రూపులో ముందురోజు సాయంత్రం తీర్మానమైంది. ఆ చర్చ వల్ల నా ఫోన్‌లో గ్రూపు అన్నిటికన్నా పైకెక్కి కూర్చుంది. మీకు అర్థమవుతోంది కదా, గోతి ఎక్కడ తవ్వబడిందో.

ఆ పొద్దున నేను చూసింది సీరియల్ ఆఖరి ఎపిసోడ్. జాసూసు చచ్చిపోయాడు. ప్రియురాలు రక్తనిధి నుంచి సీసా పట్టుకుని పరుగెత్తుతూ వచ్చేలోపే తెల్లారింది, కిటికీలోంచి ఎండ పడింది, అయిపోయింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ తడి గొంతు ఆరకముందే మెసేజ్ మొదలుపెట్టాను.

"ఇగ లేడు... తెల్లారేదాక ఉన్నడు, ఎండ పొడ పడంగనే పోయిండు. నెత్తురు టైముకు అందలే. ఆమె చెయ్యి పట్టుకోనే ఉన్నది, నన్నిడిసి పోకు అని ఎంత మొత్తుకున్నా ఆగలే. ఇగ ఏడ్సి లాభం లేదు. ఆయన కష్టం తీరింది."

ఆదిత్య అన్న పేరు అందులో ఒక్కసారి తీసినా అంతమంది తలమీద నీళ్లు పోసుకునేవారు కాదు. నటనలో లీనమైనవాడికి పేర్లు గుర్తుండవు. పైన ఉన్నదాన్ని నొక్కి పంపాను. ఫోన్ బండి డిక్కీలో పడేసి దవాఖానకు బయల్దేరాను.

మా ఇళ్లలో చావు కబురు విన్న క్షణం నుంచి కొన్ని పనులు వాటంతటవే జరిగిపోతాయి. పొయ్యి ఆర్పేస్తారు. తలస్నానం చేస్తారు. దహనం అయ్యేదాకా మెతుకు ముట్టరు. కొరివి పెట్టేవాడికి, శవం గడప చేరకముందే గుండు చేయిస్తారు. కబురు నిజమేనా అని మళ్లీ అడగడం మాత్రం ఎవరూ చేయరు. ఏడుస్తున్నవాణ్ణి "నిజంగా పోయిండా?" అని ఎలా అడుగుతారు చెప్పండి? కాకా ఫోన్ ఆ గ్రూపులోనే లేదు, చిన్నమ్మకు ఫోన్ చేసే ధైర్యం ఎవరికీ లేదు.

నేను వార్డులోకి వెళ్లేసరికి కాకా ముఖం తెల్లగా ఉంది. రాత్రి మళ్లీ నెత్తురు పోయిందట.

"ఇయ్యాల కథ పంపలేదేందిరా?" అన్నాడు నీరసంగా.

"పంపిన కద కాకా!"

"ఏం రాలేదు. జాసూసు బాగున్నడా?"

ఆ స్థితిలో ఉన్న మనిషికి చావు కబురు ఎలా చెప్పను? "బాగున్నడు" అన్నాను. ఆ రోజు నేను చాలా నిజాయితీగా ఆడిన అబద్ధం అదొక్కటే.

అంతలో నర్సు వచ్చి "రక్త ద్యాయ్‌లా కోణ్ ఆలే?" అంది. నెత్తురు ఇవ్వడానికి ఎవరొచ్చారని అడుగుతోంది. ఎవరూ రాలేదు. డాక్టరు రెండోసారి కబురు పంపాడు. చిన్నమ్మ నా చొక్కా పట్టుకుని తలుపు బయటకు లాగింది.

"ఆయన చేతులు సల్లగైతున్నయి బిడ్డా. వాళ్లింక రాలేదేందిరా?"

డిక్కీ దగ్గరకు పరుగెత్తాను. ఫోన్ నిండా నేను ఎత్తని కాల్స్. దారి తెలియక చేసి ఉంటారనుకుని రాజుకు చేశాను. వెనక నుంచి ఆడవాళ్ల శోకాలు వినిపించాయి. జీపులో పాటలు పెట్టారేమో అనుకున్నాను, నా తెలివికి నమస్కారం.

"ఏడున్నవ్‌రా? నెత్తురియ్యాలె, డాక్టర్ తొందర పెడుతుండు!"

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఇంక నెత్తురెందుకన్నా?"

"ఎందుకేందిరా, మీ బాపుకు ఎక్కియ్యనీకి!"

"పోయినోళ్లకు గూడ ఎక్కిస్తున్నరా వాళ్లు? బిల్లు పెంచనీకి ఇంత అన్యాలమా? నువ్వు ఊకున్నవా అన్నా?"

"ఎవలు పోయిండ్రు?"

"నువ్వే కదనే చెప్పినవ్! ఏడ్సుకుంట చెప్పినవ్!"

అప్పుడు గ్రూపు తెరిచాను. చేతులు జోడించిన బొమ్మలు, కొవ్వొత్తులు, ఓం శాంతులు. మధ్యలో పూలదండ బొమ్మలో బిగించిన కాకా ఫొటో. ఏదో పెళ్లిలో తీసింది, చేతిలో ఐస్‌క్రీం కప్పు కూడా అలాగే ఉంది. వాటన్నిటికీ పైన, కిరీటం పెట్టుకుని, నా గొంతు.

దవాఖాన బయట బండ్ల మధ్య కూలబడి చెప్పాను. "రాజూ, కాకా బతికే ఉన్నడురా. పోయింది జాసూసు."

"ఏ జాసూసు?"

"నెత్తురు తాగేటోడు."

అటువైపు వాడు ఏమన్నాడో ఇక్కడ రాయలేను. మా వంశంలో ఆడవాళ్లు కూడా ఈ కథ చదువుతారు.

వాళ్ల జీపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. దిగినవాళ్లను చూసి గేటు దగ్గర మనిషి పక్కకు తప్పుకుని దారిచ్చాడు. తెల్ల బట్టలు, తడి ఆరని జుట్టు, ఉబ్బిన కళ్లు. రాజుకు ఆ తడి జుట్టు కూడా లేదు. నున్నటి గుండు మీద ఎండ పడి మెరుస్తోంది. నన్ను చూసి చెయ్యెత్తాడు, కొట్టడానికే. తర్వాత అదే చెయ్యి నా మెడ చుట్టూ వేసి ఏడ్చాడు. ఏ ఏడుపు దేనికో మా ఇద్దరికీ తెలియలేదు.

రక్తం తీసేచోట అబ్బాయి నలుగుర్నీ పైనుంచి కిందికి చూసి, పొద్దున ఏం తిన్నారని మరాఠీలో అడిగాడు. ఎవరూ ఏమీ తినలేదు. "ఉపాశీ?" అని తల అడ్డంగా ఊపాడు. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ల నెత్తురు తీయరు. ముందు తిని రండి, కాసేపు కూర్చోండి, ఆ తర్వాత చూద్దాం.

పరుగెత్తి అటుకుల పోహా, చాయ్ తెచ్చాను. సాయన్న మామ పళ్లెం ముట్టలేదు.

"దహనం గాకుండ ఎట్ల తింటం అల్లుడా?"

"ఎవల్ని దహనం చేస్తవ్ మామా? ఆయన లోపల ఉన్నడు, ఊపిరి తీస్తుండు!"

"అది నిజమే. కానీ కబురు ఇన్నం, తానం చేసినం, పొయ్యి ఆర్పినం. మొదలుపెట్టినంక నడిమిట్ల ఇడిసిపెడితే ఏమైతదో?"

"నువ్వు తినకపోతే మొదలుపెట్టింది పూర్తయితది మామా!"

అది ఎలా నోట్లోంచి వచ్చిందో నాకు తెలియదు. మామ నావైపు చూశాడు. చిన్నమ్మ అప్పుడే మెట్ల దగ్గరకు వచ్చి నిలబడింది. తమ్ముడి ముందు పళ్లెం కొంచెం దగ్గరకు జరిపింది. ఆయన కళ్లు మూసుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నలుగురు మగవాళ్లు తెల్లబట్టల్లో వరసగా కూర్చుని, ఏడుస్తూ పోహా తిన్నారు. శ్రాద్ధమో ఫలహారమో చెప్పలేని ఆ భోజనం నేను చచ్చేదాకా మరచిపోను. లోపల కాకా చేతులు ఎంత చల్లబడ్డాయో అన్న ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. సీరియల్‌లో ఆమె సీసాతో పరుగెత్తిన దృశ్యం గుర్తొచ్చి, దాన్ని తీసినవాణ్ణి మనసులో తిట్టుకున్నాను.

నెత్తురు అందింది. ఈసారి అందింది.

మర్నాడు కాకా కళ్లు తెరిచాడు. ఎదురుగా కొడుకు, కొడుకు నెత్తిన టోపీ. రాజు వంగి కాళ్లు మొక్కబోయాడు, టోపీ మంచం మీద పడింది. కాకా ఆ గుండును చాలాసేపు చూశాడు.

"ఎవలు పోయిండ్రురా?"

చిన్నమ్మ గోడవైపు తిరిగింది. ఆ గదిలో నోరున్న ప్రతివాడూ నన్నే చూశాడు.

"జాసూసు పోయిండు కాకా," అన్నాను.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లగా అడిగాడు. "వాడు పోతే మావోడెందుకురా గుండు చేయించుకున్నడు?"

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. పెళ్లిళ్లలో ఈ కథ చెప్పేటప్పుడు నేను ఇక్కడే ఆపుతాను, అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. కానీ కాకా ఆ తర్వాత ఒక వానాకాలం, ఒక చలికాలం మాత్రమే చూశాడు. గడ్డ మళ్లీ పెరిగింది. మళ్లీ నాందేడ్, అదే వార్డు. పట్టపగలు, నేనూ చిన్నమ్మా పక్కన ఉండగా, ఏ వెక్కిళ్లూ గాలిశబ్దాలూ లేకుండా పోయాడు.

గొంతుతో చెప్పే ధైర్యం లేక గ్రూపులో టైపు చేశాను: కాకా పోయిండు.

పకపక నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. సాయన్న మామ ఇలా రాశాడు: "నేను అన్నం తినేదాక ఉండుమను."

రాజుకు ఫోన్ చేశాను. "అన్నా, నెత్తిమీద ఎంటికలు ఇప్పుడిప్పుడే అచ్చినయి. పరాచికాలు బంద్ చెయ్యి," అని పెట్టేశాడు. మళ్లీ చేసి చిన్నమ్మ చేతికి ఫోన్ ఇచ్చాను, ఆమెకు మాట రాలేదు. ఇక చేసేదిలేక అంబులెన్సులో బయల్దేరాం.

ధర్మాబాద్‌లో ఇంటి ముందు బండి ఆగేసరికి లోపల పప్పు తాలింపు వేస్తున్నారు. వాసన వీధిదాకా వచ్చింది. రాజు ఎంగిలి చెయ్యి పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చాడు. మొదట నన్ను చూశాడు, తర్వాత వెనక తలుపులోంచి దిగుతున్న తల్లిని చూశాడు. వాడి ముఖం మీద నవ్వు పోవడానికి చాలాసేపు పట్టింది. అంతమంది మధ్యలో ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈమధ్య ఆ సీరియల్ రెండో భాగం వచ్చిందట. జాసూసు బూడిదలోంచి లేచాడట. నేను చూడలేదు.

కావున సదరు నేను, నా ఫోన్ మీద ఒట్టేసి, చదువరుల సమక్షంలో ప్రమాణం చేయునది ఏమనగా: ఇకమీదట ఏ కథ ఎవరికి చెప్పినా, చచ్చినవాడి పేరు, ఇంటిపేరు, ఊరు, అతను అసలు మనిషేనా కాదా అన్నవి మొదటి వాక్యంలోనే చెబుతాను. నిజంగా ఎవరైనా పోతే మాత్రం ఆ కబురు నేను చెప్పను. ఇంకెవరిచేతనైనా చెప్పించండి. నేను చెబితే మా వాళ్లు భోజనానికి కూర్చుంటారు.