మంగళవారం ఉపవాసం

నాకు సోమవారం ఉపవాసం. మా అమ్మ మంచాన పడ్డ ఏడాది మొక్కుకున్నాను. అమ్మ లేచి తిరిగింది, నేను మొక్కు మానలేదు. బహ్రెయిన్ వచ్చాక, పొయ్యి ముందు నిలబడి వచ్చినవాళ్ళందరికీ పూరీలు వేయిస్తున్నా సరే, సోమవారం పొద్దు గూకేదాకా మంచినీళ్ళు, ఒక అరటిపండు తప్ప నోట్లో ఏమీ వేసుకోను. పాస్‌పోర్టు అయ్యగారి బీరువాలో, పడుకునే గది వాషింగ్ మెషీన్‌తో పొత్తులో ఉన్న ఆ రోజుల్లో, నాది అని చెప్పుకోవడానికి నాకు మిగిలింది ఆ ఒక్క సోమవారమే. దాన్ని కూడా ఒకావిడ తన అవసరానికి వాడుకుంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు నేను అమ్వాజ్‌లో ఒక తెలుగువాళ్ళ ఫ్లాట్‌లో పనిచేసేదాన్ని. ఇప్పుడు గలాలీలో వేరే ఇంట్లో ఉన్నాను కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను. మా గోదావరి జిల్లా నుంచి నన్ను పంపిన ఏజెంటు, అరబ్బుల ఇంట్లో భాష రాదు, తిండి సరిపడదు, మనవాళ్ళ ఇల్లయితే నీకు పుట్టిల్లు లాగే ఉంటుంది అన్నాడు. మనవాళ్ళు కాబట్టే వెళ్ళిన రోజే నాకొక స్టీలు కంచం, ఒక గ్లాసు విడిగా ఇచ్చారు. వాటి చోటు సింకు కింద అర. ఇంట్లో పళ్ళేలతో కలిపి తోమకూడదు. ఎందుకని వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. అడగక్కర్లేకుండా అర్థమయ్యే సంగతి అది, మనవాళ్ళ మధ్య. కింది అంతస్తులో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసే మా వైపు ఆవిడ మాత్రం, వాళ్ళు మిగిలిందే పెట్టినా వాళ్ళు తిన్న పళ్ళేల్లోనే పెడతారని చెప్పింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అమ్మగారికి ఒక మాట ఇష్టం. ఎవరొచ్చినా నన్ను చూపించి, "మా ఇంట్లో మనిషి లాగేనండి," అనేది. ఆ 'లాగే' దగ్గర ఆవిడ గొంతు ఎంత తియ్యగా ఉండేదో! వినేవాళ్ళకి కళ్ళు చెమర్చేవి. నేను ఆ మాట విని కాఫీ కప్పులు తీసుకుని వంటింట్లోకి పోయేదాన్ని.

రెండేళ్ళు గడిచాక వేసవి సెలవుల్లో వాళ్ళు ఇంగ్లాండు బయల్దేరారు. అయ్యగారికి ఇక్కడ ఆఫీసులో పై అధికారిగా పనిచేసి రిటైరైన ఒక ఇంగ్లీషాయన, వాళ్ళ ఊరికి రమ్మని ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు. చంటిదానికి ఏడాదిన్నర. నా చేత్తో పెడితే తప్ప ముద్ద మింగదు. అందుకని నాకూ వీసా వచ్చింది. నేను మాత్రం అదంతా నా అదృష్టమే అనుకుని, మనామా వెళ్ళి ఒక స్వెట్టర్ కొనుక్కుని, అద్దం ముందు నాలుగుసార్లు వేసి చూసుకున్నాను. నేను ఇంటర్ దాకా చదివాను. ఇంగ్లీషు అర్థమవుతుంది. మాట్లాడాలంటే మాత్రం వాక్యాన్ని ముందు మనసులో కట్టుకుని, ఒకసారి సరిచూసుకుని, అప్పుడు నోరు తెరవాలి. ఈ ఒక్క అలవాటు నన్నెంత దెబ్బ తీసిందో ముందు ముందు చెబుతాను.

ఆ ఊరు సంత ఊరు. మేం వెళ్ళిన మంగళవారమే సంత రోజు. ఊరి నడుమ రాళ్ళు పరిచిన చదును, చుట్టూ పాత ఇళ్ళు, మధ్యలో చారల గుడ్డలు కప్పిన దుకాణాలు. మట్టి వదలని క్యారెట్లు, గుడ్లు, పూల మొక్కలు, మంచుగడ్డల మీద పరిచిన చేపలు. ఎర్ర మొహం ఉన్న ఒకతను స్ట్రాబెర్రీల ధర గొంతు చించుకుని అరుస్తున్నాడు. అచ్చం మా వైపు సంతలో వంకాయలమ్మే మనిషిలాగే. ఇంగ్లీషువాళ్ళు ఇలా అరుస్తారని నాకెవరూ చెప్పలేదు. చంటిదాన్ని చంకనేసుకుని అక్కడే నిలబడిపోయాను. రెండేళ్ళలో మొదటిసారి ఊపిరి ఆడినట్టు అనిపించింది. అమ్మగారు వెనక్కి తిరిగి, "చూసింది చాల్లే, పద," అంది.

సంత మూల మీదే మేం దిగిన హోటలు. ఎప్పటిదో పాత కట్టడం. కింద భోజనాల గది, పైన నాలుగో అయిదో పడగ్గదులు. మెట్లు ఎక్కుతుంటే కిర్రుమంటాయి, దూలానికి తల కొట్టుకోకుండా అయ్యగారు వంగి నడవాల్సొచ్చింది. హోటలు నడిపేది ఒక పెద్దావిడ. పేర్లు రాసుకుంటూ, సాయంత్రం భోజనానికి మీకు చేప కావాలా మాంసం కావాలా అని అందరినీ అడిగి, నన్నూ అడిగింది. నా వంక తిరిగి, నా కళ్ళలోకి చూసి అడిగింది. చేప అన్నాను. ఆవిడ రాసుకుంది. మధ్యాహ్నం దారిలో నాకు పెట్టింది ఒక రొట్టె ముక్క. అందుకని ఆ చేప కోసం నేను సాయంత్రం దాకా ఎంత ఎదురుచూశానో చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆరింటికి కిందికి దిగాం. ఆ ఇంగ్లీషాయన, ఆయన భార్య అప్పటికే బల్ల దగ్గర ఉన్నారు. అయిదు కుర్చీలు, చంటిదానికి ఒక ఎత్తు కుర్చీ. ప్రతి పళ్ళెం ముందూ చిన్న తెల్ల అట్ట నిలబెట్టి ఉంది, దాని మీద చేత్తో రాసిన పేరు. చంటిదాని కుర్చీ పక్కన, ఆయన భార్యకి ఇటువైపున ఉన్న అట్ట మీద నా పేరు. అయ్యగారిని ఫోన్లో అడిగి తెలుసుకుని రాశారట. నా పేరు అంత అందంగా ఎవరైనా రాయగా నేను చూడలేదు. చంటిదాన్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, నా కుర్చీ మీద చెయ్యి వేశాను.

అప్పుడు అమ్మగారు నవ్వుతూ ఇంగ్లీషులో, అయ్యో, తను తినదండీ, ఈ రోజు తనకి ఉపవాసం, వీళ్ళు చాలా నిష్ఠగా ఉంటారు, అంది.

ఎంత నున్నగా అందో! నేను సోమవారం ఉంటానని ఆవిడకి తెలుసు. రెండేళ్ళుగా సోమవారాలు నేను తినకుండా వండి వడ్డిస్తుంటే చూసింది. ఆ ముందురోజే విమానంలో నా ట్రే నేను వెనక్కి ఇచ్చేయడం కూడా చూసింది. నా మొక్కుని చూసి చూసి, దాచుకుని, సరిగ్గా ఆ బల్ల దగ్గర తీసి వాడింది. బిల్లు ఆమెది కాదు. వంట ఆమెది కాదు. కుర్చీ కూడా ఆమెది కాదు. దొరల ముందు నా పక్కన కూర్చుని తినడం ఒక్కటే ఆవిడకి మింగుడుపడలేదు.

ఆ ఇంగ్లీషాయన చటుక్కున లేచి నిలబడ్డాడు. మాకు తెలియలేదు, క్షమించాలి అన్నాడు. అమ్మగారితో కాదు, నాతో! నాకు పళ్ళెం పెట్టినందుకు నాకే క్షమాపణ చెప్పాడు పాపం పెద్దమనిషి. హోటలావిడ చేతిలో పళ్ళేలతో గుమ్మం దగ్గర ఆగిపోయింది. నేను చేప అడిగానని ఆవిడకి తెలుసు కదా. నా వంకే చూసింది. నేను వాక్యం కట్టుకుంటున్నాను. ఉపవాసం లేను అనాలా, ఈ రోజు కాదు అనాలా అని లోపల సరిచూసుకుంటున్నాను. ఈలోగా అమ్మగారు రెండు వేళ్ళతో నా పేరు అట్టని రొట్టె పళ్ళెం కిందికి నెట్టేసి, అదే నవ్వుతో తెలుగులో, "చంటిది తినేస్తే పైకి తీసుకుపో అమ్మాయ్. నీకు తరవాత ఏదోటి చూద్దాంలే," అంది.

నా వాక్యం ఇంకా సగంలోనే ఉంది. తలదించుకున్నాను. అయ్యగారు ఏం చేస్తున్నారని అడుగుతారేమో, రొట్టెకి వెన్న రాసుకుంటున్నారు. రొట్టెకి అంత శ్రద్ధగా వెన్న రాసే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఎత్తు కుర్చీ పక్కన నిలబడి చంటిదానికి మెత్తటి బంగాళాదుంప తినిపించాను. నా చేప వేడివేడిగా వచ్చి, బల్ల మీద చోటు లేనట్టు వెనక్కి వెళ్ళిపోయింది.

గదిలోకి వచ్చి చంటిదాన్ని పడుకోబెట్టాను. అక్కడ వేసవిలో ఎంతకీ పొద్దు గూకదు. కిటికీలోంచి చూస్తే సంతవాళ్ళు గుడ్డలు మడిచి బండ్లకెత్తుకుంటున్నారు. కింద నుంచి అమ్మగారి నవ్వు వినిపిస్తోంది. ఆ 'ఏదోటి' మాత్రం రాలేదు.

తలుపు తట్టి వచ్చింది హోటలావిడ. చేతిలో ట్రే. రెండు అరటిపళ్ళు, పెద్ద గ్లాసుడు పాలు, ఉడకబెట్టిన బంగాళాదుంపలు. ఫోన్లో వెతికానమ్మా, మీవాళ్ళు ఉపవాసంలో ఇవి తింటారని ఉంది, నిజమేనా అని అడిగింది. పాల గ్లాసుకి ఆనించి నా పేరు అట్ట నిలబెట్టి ఉంది. రొట్టె పళ్ళెం కింద దొరికింది, మీదే కదా అంది. కాసేపు నా మొహం చూసి, మీకు ప్రతి మంగళవారమూ ఉపవాసమా అని మెల్లగా అడిగింది.

ఈసారి నాకు తొందరేమీ లేదు. వాక్యం కట్టుకోవడానికి కావలసినంత టైం ఉంది. అయినా 'అవును' అన్నాను. ఎందుకన్నానో నేటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. నా పాస్‌పోర్టు కింది అంతస్తులో, అమ్మగారి హ్యాండ్‌బ్యాగులో ఉంది. అదొక కారణం. పరాయి దేశంలో మనవాళ్ళని అబద్ధాలకోరు అని ఎలా చెప్పడం అనుకున్నాను, అదింకొకటి. సింకు కింద కంచం పెట్టినవాళ్ళ పరువు నేను కాపాడాను! నా ఆకలి పట్టించుకున్న ఒక్క మనిషికి అబద్ధం చెప్పాను, అదీ దేవుడి పేరు మీద. బంగాళాదుంపలు మొత్తం తిన్నాను. బాగున్నాయి. తింటున్నంతసేపూ నా మీద నాకే అసహ్యం వేసింది.

పొద్దున్న అమ్మగారు, "రాత్రి ఫలహారం పంపిందటగా? చూశావా ఎంత మంచోళ్ళో," అంది. తనే పంపినట్టు మురిసిపోయింది. అట్టని నేను స్వెట్టర్ జేబులో పెట్టుకున్నాను.

తిరిగొచ్చాక మళ్ళీ సోమవారం వచ్చింది. ఎప్పట్లాగే తలస్నానం చేసి ఉపవాసం ఉన్నాను. మధ్యాహ్నానికి ఆకలేసింది. ఇన్నేళ్ళలో సోమవారం ఆకలి నన్నెప్పుడూ బాధపెట్టలేదు. నేను కోరి తెచ్చుకున్నది కదా. ఆ రోజు మాత్రం పొయ్యి ముందు నిలబడి, ఈ ఆకలి నాదా, ఆవిడ పెట్టిందా అని తేల్చుకోలేకపోయాను. దేవుడి ముందు దీపం పెట్టినా మనసు నిలవలేదు. నా ఒక్క రోజునీ అలా పాడుచేసింది. పళ్ళెం పోయినందుకు కాదు, దీనికి ఏడ్చాను. అట్టని తీసుకెళ్ళి సింకు కింద నా గ్లాసులో పెట్టుకున్నాను.

ఆ శుక్రవారం ఇంట్లో భోజనాలు. విశాఖపట్నం నుంచి వచ్చి వారం రోజులుగా ఇక్కడే ఉన్న అమ్మగారి పిన్నిగారు, పక్క బిల్డింగు నుంచి ఒక జంట. అయ్యగారూ అమ్మగారితో కలిపి అయిదుగురు. బల్లకి ఆరు కుర్చీలు. నేను అన్నం, కూరలు పెట్టి పక్కన నిలబడ్డాను. ఇంగ్లాండు కబుర్లు నడుస్తున్నాయి. సంత, పాత హోటలు, కిర్రుమనే మెట్లు అన్నీ అయ్యాక అమ్మగారు నా వైపు చెయ్యి చూపించింది.

"మా ఇంట్లో మనిషి సంగతి చెప్పాలి పిన్నీ. అంత దూరం వెళ్ళినా ఉపవాసం మాన్లేదు. ఎదురుగా చేపలు పెట్టుకుని కూచున్నా ముట్టుకోలేదనుకో. ఆ దొర లేచి నిలబడ్డాడు, తెలుసా?"

"ఏరోజే అది?" అన్నారు పిన్నిగారు.

"సంత రోజు. మంగళవారం."

పిన్నిగారు ముద్ద ఆపి నా వంక చూశారు. "మొన్న సోమారం కూడా నువ్వేం తిన్లేదు గదమ్మా. రెండ్రోజులుంటావా ఏంటి?"

"వీళ్ళకి ఉంటాయిలే పిన్నీ ఏవో," అంది అమ్మగారు.

ఇది ఇంగ్లీషు కాదు. వాక్యం కట్టుకోవాల్సిన పని లేదు.

"కాదండి," అన్నాను. "నాది సోమారం ఒక్కటేనండి. మంగళారం నాకు ఆకలేసిందండి. వాళ్ళు నాకూ కుర్చీ ఏసి, పేరు రాసి, చేప వండి పెట్టారండి. ఉపోసం అన్జెప్పి అమ్మగారే లేపేశారండి."

పక్క బిల్డింగు ఆవిడ మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండా దించింది. అయ్యగారు అన్నంలో పెరుగు కలపడం మొదలుపెట్టారు, ఇంకా పప్పే రాకుండా. అమ్మగారి మొహం కందగడ్డలా అయింది. గొంతు మాత్రం పెంచలేదు. అతిథులున్నారు కదా.

"పప్పు చల్లారిపోతోంది. పట్రా," అంది.

వంటింట్లోకి వెళ్ళి పప్పు గిన్నె తీసుకున్నాను. వంగి, సింకు కింద అరలోంచి నా కంచం, గ్లాసు కూడా తీసుకున్నాను. గిన్నె బల్ల మధ్యలో పెట్టాను. ఆరో కుర్చీ లాక్కుని కూర్చుని, గ్లాసులోని అట్టని నా కంచం ముందు నిలబెట్టి, మొదటి గరిటె నాకే వడ్డించుకున్నాను.