పసుపు కింద నంబరు

సరస్వతమ్మ చదివింది మూడో తరగతి. అదీ సగమే. అయినా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎవరి పొలం గట్టు ఎంత జరిగిందో, ఎవరి బర్రె ఎన్నో ఈతలో ఉందో ఆమెను అడగాల్సిందే. ఈ వయసులోనూ మోటారు తనే వేస్తుంది, కూలీలను తనే కేకేస్తుంది. ఒక్కగానొక్క కూతురు కావడంతో తండ్రి లక్ష్మీనారాయణ పదెకరాల చేనూ, రెండు పాత రివాల్వర్లూ ఆమెకే వదిలి కిందటేడు పోయాడు.

చేనుతో చిక్కు లేదు. రివాల్వర్లను మాత్రం స్టేషన్లో అప్పజెప్పి, లైసెన్సు తన పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టుకుంది. లైసెన్సు పుస్తకంలో రాసినవి అవేనో కాదో తేల్చడానికి నంద్యాల పోలీసు ఆఫీసుకు రమ్మన్నారు. తేలకపోతే నాయన వస్తువు ఇక ఇంటికి రాదు.

అక్కడ జాషువా పోలీసు తుపాకులు బాగుచేసే మనిషి. పెద్దదాన్ని చేతిలోకి తీసుకుని గొళ్లెం నొక్కగానే అది నడిమికి విరిగి తెరుచుకుంది. అతని మొహం వెలిగిపోయింది.

"పాత ఇంగ్లండు వెబ్లీ కంపెనీది, పెద్దమ్మా! అద్దం మాదిరి పెట్టుకున్న్యారే!"

"నెలకోసారి ఆముదం రాస్తాండా. నా మొహానికి గూడా అంత రాసుకోలేదప్పా."

దాని నంబరు పుస్తకంతో కలిసింది. రెండోది చిన్నది, గుండ్ల చక్రం పక్కకు తెరుచుకునే రకం. జాషువా దాన్ని తిప్పాడు, మళ్లీ తిప్పాడు, కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. కంపెనీ ముద్ర లేదు, నంబరు లేదు. ఒక పక్కన నల్లగా ఏదో పొర మాత్రం ఉంది.

గుమాస్తా వెంకటేష్ పెన్ను తీశాడు. "నంబరు లేకుంటే నాటుది అని రాస్తా. ఇంక ఈడనే ఉండిపోతాది."

"ఏందీ? నాటుదా?" సరస్వతమ్మ కుర్చీలోంచి లేచింది. "మా నాయన నాటుకోడి తప్ప నాటుదేదీ ఇంట్లోకి తెచ్చినోడు కాదు. చిన్నప్పుడు దాని మీదనే ఏలు పెట్టి అంకెలు నేర్చుకున్న్యా. మూడు, ఏడు, సున్నా, తొమ్మిది, ఒకటి!"

వెంకటేష్ పుస్తకం చూశాడు. అవే అంకెలు. "పుస్తకం సూసి బట్టీ పట్టినావేమో అవ్వా. తుపాకీ మీద యాడుంది, సూపించు."

"అవ్వనా? ఏ పక్క నుంచి అవ్వనైతా అబ్బీ నీకు?" అంటూనే ఆమె పిడికి పైన బొటనవేలితో తడిమింది. చెట్టు బెరడులా గరుగ్గా తగిలింది. వేలు వాసన చూసుకుంది. ఆముదం, పసుపు.

తల్లి పోయినప్పటి నుంచి దసరాకు ఆయుధపూజ చేసేది తనే. చిన్నదాని దంతపు పిడి నున్నగా ఉండి బొట్టు నిలిచేది కాదు. అందుకని దాని పైన అంకెల గీతలున్న చోట పసుపు పట్టించి కుంకుమ అద్దేది. తుడిస్తే అపచారమని ఆ పైనే ఆముదం రాసేది. అట్లా నలభై దసరాలు.

పిల్లలేదో పూశారని చెప్పి తప్పించుకోవచ్చు. తప్పు ఒప్పుకోవడం ఆమెకు ఇంట్లోనే అలవాటు లేదు, ఇక పరాయి ఊళ్లోనా? కానీ బల్ల మీద వెంకటేష్ పెన్ను కాగితానికి ఆనింది.

"ఆగబ్బీ. నంబరును నేనే పూడ్చిపెట్టినా. పసుపుతో."

జాషువా పగలబడి నవ్వాడు. కిరోసిను గుడ్డ ఆ పొర మీద వేసి నానబెట్టి, వెదురు పుల్ల చెక్కుకుని కూర్చున్నాడు.

"మెల్లగప్పా, మెల్లగ. మా నాయనది అది."

పొర ముందు నల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి పచ్చగా ఊడి వచ్చింది. మూడు. ఏడు. సున్నా. తొమ్మిది కనబడేసరికి వెంకటేష్ కూడా లేచి వచ్చి వంగి చూస్తున్నాడు. ఒకటి. దాని పక్కనే కంపెనీ ముద్ర.

"అమెరికాలో చేసింది పెద్దమ్మా. నాటుది కాదు, దొరసాని!"

"నాకు తెల్దా? ఆ అబ్బికి జెప్పు."

వెంకటేష్ నవ్వుతూ కాగితం కొత్తగా మొదలుపెట్టాడు. "వయసెంత?"

"అరవై రాసుకో."

"ఆధార్‌లో డెబ్బై ఒకటి ఉంది."

"తెలిసీ ఆడమనిషిని అడుగుతాండావా? సిగ్గుండాల. ఏదీ, ఏం రాసినావో చదువు."

"రెండు రివాల్వర్లూ కీర్తిశేషులు లక్ష్మీనారాయణ గారి లైసెన్సులో ఉన్నవే."

"గట్టిగ చదువబ్బీ. బయట వరండాలో ఉన్నోళ్లకు గూడా ఇనపడాల."

వెంకటేష్ గొంతు సవరించుకుని మొదటి నుంచి ఎత్తుకున్నాడు. సరస్వతమ్మ వెళ్లి తలుపు బార్లా తెరిచింది.