తలుపు చాటు నారింజ

నవతకు కండ్లు మండుతాయి. జబ్బేమీ లేదు, గోదావరిని చూస్తే మండుతాయి.

గోదావరి ఆమె మరిది భార్య. నిజామాబాద్‌లో ఒకే ఇల్లు. కింద నవత, పైన గోదావరి. ఇద్దరూ బీడీలు చుడతారు. నవత పొద్దుగూకేలోపు వెయ్యి చుడుతుంది, గోదావరి ఎనిమిది వందలు దాటదు. అయినా నవతకు తృప్తి లేదు. ఎనిమిది వందలు చుట్టేదానికి అంత నవ్వు ఎక్కడిదని ఆమె బాధ.

కిందటేడు ఇద్దరూ బోధన్ రోడ్డు మీది నర్సరీలో కుంక్వాట్ మొక్కలు కొన్నారు. గోలీకాయంత నారింజలు కాసే పొట్టి చెట్టు, ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. పెద్దకోడలు కాబట్టి గుబురుగా ఉన్నదాన్ని నవతే ముందు పట్టుకుంది.

"బోధన్ దిక్కు చెరుకు రైతు బిడ్డను. నేను నీళ్లు పోస్తే యాపకాయ సుత తియ్యగైతది," అని ఆటోలోనే అన్నది.

ఇల్లు చేరగానే ఒకటే భయం: గోదావరి దిష్టి. తన కన్ను లాంటిదే అందరికీ ఉంటుందనుకునే మనిషి నవత. కుండీని తలుపు వెనక దాచింది. గోదావరి మాత్రం తన కుండీని డాబా మీద ఎండకు వదిలేసింది.

ఈ చలికాలం గోదావరి చెట్టు నిండా పసుపుపచ్చని కాయలు. నవత చెట్టుకు ఆకులే.

"నా చెట్టుకు ఒక్క ఆకన్న రాలలేదు, తెల్సా," అన్నది నవత.

"ఇంకేందక్కా, ఆ ఆకులతోని తొక్కు నూరుకో."

ఆ మాటకు నవతకు వారం దాకా అన్నం సహించలేదు.

ఆదివారం గోదావరి గిన్నెలో కాయలు తెచ్చింది. నవత ఒకటి ఒలిచి, తొక్క పక్కన పడేసి, గుజ్జు నోట్లో వేసుకుంది. చెంపలు లోపలికి పోయాయి. పులుపు ఆమెకు ఏనాడూ అంత రుచిగా అనిపించలేదు.

"థూ! గీ పుల్లటియేనా నువ్వు వాడంతా సూపెట్టేది?"

"తోలు తీసినవా? తీపంత ఆ తోల్లనే ఉంటదక్కా." గోదావరి ఒక కాయను అట్లాగే నోట్లో వేసుకొని నమిలింది. "నీ చెట్టు ఇంక తలుపెన్కనే ఉన్నదా? ఎండ తగలకుంటే పూత ఎట్లొస్తది? ఎన్నడో చెప్పేదాన్నే గని, నువ్వు దాసిపెట్టినవ్ గదా, తెల్వనట్టే ఉన్న."

ఆమె మెట్లెక్కేదాకా ఆగి, నవత ఆ తొక్క తీసి కొరికింది. తియ్యగా ఉంది. ఒళ్లు మండిపోయింది.

కుండీ ఎత్తుకొని రొప్పుతూ డాబా ఎక్కింది. గోదావరి కుండీ పక్కన దించి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. నచ్చలేదు. మళ్లీ వంగి తన కుండీని జానెడు ముందుకు జరిపింది, పొద్దుటి ఎండ ముందు తన ఆకులకు తగిలి, మిగిలిందే గోదావరి చెట్టుకు పోయేటట్టు.