చెవి దగ్గర కరివేపాకు

నరసాపురంలో మేము మేడమీద వాటాలో అద్దెకున్నప్పుడు, కింద ఉండే ఇంటావిడ కరివేపాకు ఎండిందో లేదో చెవితో తేల్చేవారు. పెరట్లో కోసిన రెబ్బలను పాత పంచె మీద నీడలో ఆరబెట్టి, రోజూ సాయంత్రం ఒక ఆకు తీసి చెవి దగ్గర నలిపేవారు. గలగలమంటేనే సీసాలోకి. ఉప్పు కూడా చెమ్మగిల్లే ఊరు మరి, తొందరపడితే సీసా అంతా బూజే. లేసు అల్లి అల్లి మొద్దుబారిన ఆవిడ వేళ్ళకు తడీ పొడీ తెలిసేది కాదు.

మేము దిగిన కొన్నాళ్ళకు ఆ చెవులు కూడా మందగించాయి. అందుకని ఆకు పట్టుకుని మెట్ల దగ్గర నాకోసం కాచుకునేవారు. భీమవరంలో ఉద్యోగం చేసి, బస్సులో నిలబడి వచ్చి, చెప్పులు విప్పే ఓపిక కూడా లేని నా చెవి దగ్గర ఆకు నలిపి, "ఏమంటోందండి?" అని అడిగేవారు.

ఒక సాయంత్రం ఆకు మెత్తగా నలిగింది. చప్పుడు లేదు. ఎండలేదంటే రేపు మళ్ళీ ఇదే పని.

"ఎండిపోయిందండీ!" అని గట్టిగా చెప్పి పైకి వెళ్ళిపోయాను.

వారం తిరక్కుండా ఆవిడ సీసాను పెరట్లో బోర్లించడం కిటికీలోంచి చూశాను. ఆకులన్నీ తెల్లగా బూజు పట్టాయి. ఆవిడ సీసా కడిగి ఎండలో పెట్టి, మళ్ళీ కొత్త రెబ్బలు కోసుకున్నారు.

నాలుగు రోజులకు మళ్ళీ మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. ఒక చేతిలో ఆకు, ఇంకో చేతిలో గ్లాసు. నేను చెవి వంచబోతే గ్లాసు అందించారు.

"ముందు మంచినీళ్ళు తాగండి. కాసేపు కూర్చుని, అప్పుడు విందురుగాని."