ఇంటాయన డ్యూటీకి పోయిన వాగు

మా మేస్త్రి పోయారు. మొన్న గురువారం పొద్దున ఇక్కడ అరబ్బు దేశంలో, బహ్లా సైట్‌లో టీ తాగుతుంటే జగిత్యాల దగ్గరి ఊరి నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. సెలవు మీద వెళ్లి నెల కూడా కాలేదు. గుండెపోటట. అందరం గ్లాసులు పక్కన పెట్టేశాం.

నేను కంపెనీలో సర్వేయర్ని. గోదావరి పక్క చదును నేల మీద పుట్టినవాణ్ణి, కొండల సంగతి నాకేం తెలుసు? అయినా మెషిన్ చేతిలో ఉందని కాస్త గీర ఉండేది. ఆయన బడికి వెళ్లలేదు. హజర్ కొండల కింది నేలను మాత్రం కాలితో తట్టి చదివేవారు. కొండ దగ్గర బండలుంటాయని, దిగువకు వచ్చేకొద్దీ అవి గులకరాళ్లై, ఆఖరికి ఇసుక అవుతాయని నాకు చూపించింది ఆయనే.

"నీళ్లు మొయ్యలేక ఈడ దించిపోయినయ్ సారూ," అనేవారు.

ఒకసారి రోడ్డు పనికి పద్దెనిమిది మంది ఉండేలా క్యాబిన్లు వేయాల్సి వచ్చింది. కొండ కింద మెత్తగా, చదునుగా ఉన్న చోటు చూసి మేకులు కొట్టించాను.

"ఇది వాగు సారూ. ఈడ వద్దు," అన్నారాయన.

"వాగంటే నీళ్లుండాలి కదండీ మేస్త్రి గారూ! వాదీ అంటారిక్కడ. ఎండిపోయి ఎన్నేళ్లయిందో," అని నవ్వాను.

"ఇంటాయన డ్యూటీకి పోయిండు, గంతే. ఇల్లు ఆయనదే. ఎన్నడొస్తడో మనకు చెప్పొస్తడా?"

నాకు రోషమొచ్చింది. ఆయన మాత్రం ఊరుకోలేదు. ఇంజనీరు లేని పూట చూసి మేకులన్నీ పీకించి, పక్క దిబ్బ మీద రాళ్లు ఏరించి, క్యాబిన్లు అక్కడ నిలబెట్టించారు. ఎక్కి దిగలేక చస్తున్నామని మనవాళ్లు సణిగారు.

మూడో వారం ఒక మధ్యాహ్నం మా నెత్తిన ఎండ కాస్తూనే ఉంది. కొండ మీద మాత్రం నల్లగా కమ్మింది. అన్నాలు తింటుండగా వాగు వచ్చింది. మట్టిరంగు నీళ్లు, లోపల బండలు దొర్లే చప్పుడు. నేను మేకులు కొట్టించిన చోటు ఎక్కడుందో కూడా తెలియలేదు. నేను పళ్లెం వదిలేసి లేచాను. ఆయన నావైపు చూసి, "తినుండ్రి సారూ, సల్లగైతది," అన్నారు.

సాయంత్రం ఇంజనీరు వచ్చి, మంచి చోటు చూశావని నన్ను మెచ్చుకున్నాడు. నేను నోరు విప్పలేదు. పక్కనే ఉన్న ఆయనా విప్పలేదు. ఆ చోటు చూసింది మా మేస్త్రి. ఈ మాట ఆయన బతికుండగా చెప్పాల్సింది. చెప్పనందుకు సిగ్గుగా ఉంది.

నిన్న ఒక్కణ్ణే ఆ వాగు దగ్గరికి వెళ్లాను. ఆనాడు నీళ్లు తగ్గాక ఆయన పికప్ బండి మీదికెక్కి, వాగులోని తుమ్మచెట్టుకు, బురద అంటిన ఎత్తున ఒక ఎర్ర రిబ్బను కట్టారు, తర్వాత వచ్చేవాళ్లకు తెలియాలని. ఎండకు అది వెలిసిపోయింది. దాని కింద నిలబడి చెయ్యి పైకెత్తాను. అందలేదు.