కడగని పిప్పెట్

సైన్సు మాస్టారు పోయారని సోమవారం అసెంబ్లీలో చెప్పారు. అందరూ తలలు వంచుకున్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఇంకో వారం ఉండలేకపోయాడా మనిషి?

ఆయన గురించి మెచ్చుకుంటూ రాయడం నా వల్ల కాదు. నల్లవాళ్ళతో సహా అందరూ తొలిసారి ఓటేసిన ఎన్నికల మరుసటి ఏడు ఆంధ్ర నుంచి దక్షిణాఫ్రికాలోని టోంగాట్ వచ్చి ఈ హైస్కూల్లో చేరాను. నా పై టీచరు ఆయనే; తాతల కాలంలో చెరుకు తోటల కూలికి ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళ మనిషి. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "మా పిల్లలకి జాబ్ లేదు, నిన్ను ప్లేన్‌లో తెచ్చినారు," అన్నారు. కొత్తగా చేరిన జులూ పిల్లలకు వాళ్ళ భాషలోనే మెత్తగా చెప్పేవారు. నాకు దక్కినవి చీవాట్లే. "ఆకు గొప్పలు సెప్పదు. ఎండ ఉన్నంతసేపు వండుకుంటది," అని విసిరేవారు.

నాకూ ఆయనంటే పడేది కాదు. ల్యాబ్‌లో ద్రవాలు పీల్చి కొలవడానికి ఉన్నది ఒక్కటే గాజు పిప్పెట్. ఆయన దాన్ని నోటితో పీల్చి అలాగే నాకు అందించేవారు. ఎంగిలి. మా ఇంట్లో ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టరు. ఆయన అటు తిరగ్గానే దాన్ని మరిగే నీళ్ళలో ముంచేవాణ్ణి.

నా ఉద్యోగం ఖాయం చేయడానికి విద్యాశాఖ సబ్జెక్ట్ అడ్వైజరు ఒకావిడ వచ్చిన రోజు, బంగాళాదుంప పిండిపదార్థం ఎలా తయారుచేసుకుంటుందో చూపాలి. వడకట్టిన దుంపరసంలోని ఎంజైము ఫాస్ఫేటు చేరిన గ్లూకోజును గొలుసులా కలుపుతుంది. ఆపైన అయోడిన్ వేస్తే నీలం రావాలి. ఆ ఉదయం ఆయన ముట్టారని టెస్ట్‌ట్యూబు గొట్టాలన్నీ మరిగే నీళ్ళలో పెట్టాను. ఆవిడ లోపలికి రాగానే కంగారులో, గొట్టాలు ఆ నీళ్ళలో ఉండగానే రసం పోసేశాను. వేడికి ఎంజైము చచ్చింది. నీలం రాలేదు.

గొట్టాలు వేడి చేసింది తానేనని మాస్టారు వెనక నుంచి ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఆయన తలుపు మూశారు.

"నా నోరు సెడ్డదా? మా తాతోళ్ళు ఈ అంటు తప్పించుకునేదానికే ఓడ ఎక్కినారు. నువ్వు మల్లా బ్యాగ్‌లో ఏసుకొచ్చినావు."

ఆ తర్వాత మూడేళ్ళు, పక్క బల్ల దగ్గరే కూర్చుని, నాతో మాట్లాడలేదు. నన్ను కాపాడి, క్షమించమని అడిగే వీలివ్వకుండా మొహం తిప్పుకున్నాడని మండిపోయేవాణ్ణి. ఇప్పటికీ మంటే. రేపు అడుగుదాం అనుకుంటూ గడిపింది మాత్రం నేనే.

ఈరోజు అదే పాఠం. సొరుగులో పిప్పెట్ ఆయన శుక్రవారం వాడి పెట్టినట్టే ఉంది. నేను కడగలేదు. పిల్లలు చూస్తుండగా నోట పెట్టుకుని పీల్చాను. రసం చల్లని గొట్టంలోకి వదిలి, ఆగి, అయోడిన్ వేశాను. నీలం మెల్లగా గొట్టమంతా పరుచుకుంది.