తెర మీద పేరు పడని మా వదిన

మా వదిన పోయిందన్న కబురు నాకు వల్లూరు భజన మందిరంలో అందింది. గ్రంథం తెరిచి, మనిషి నాలుకను ఎంత అదుపులో పెట్టుకోవాలో గొంతెత్తి చెబుతున్నాను. జేబులో ఫోన్ ఆగకుండా కొట్టుకుంటోంది. మూడోసారికి తీశాను. వై.ఎన్.హొసకోట నుంచి మా అన్న.

"కాపీ తాగింది, టీవీ పెట్టమనింది. పెట్టి ఇట్ల తిరిగి చూస్తే పోయిందప్పా మీ వదిన" అన్నాడు.

ఎదురుగా మైకు ఉంది, జనం ఉన్నారు. మాటలతోనే బతికే నేను ఆ పూట మంగళం పాడకుండానే గ్రంథం మూసి లేచాను.

ఆమె ఎవరో మీకు తెలియదు, తెలిసే వీలూ లేదు. కానీ ఆమె రాసిన మాటలకు మీలో చాలామంది ఏడ్చి ఉంటారు. ఆమె రాసిన అత్తను తిట్టి ఉంటారు. మా వదిన టీవీ సీరియళ్లకు మాటలు రాసేది. అన్న ఎరువుల అంగడి వెనకగదిలో వేపపిండి మూటల పక్కన కూర్చుని, హైదరాబాదులోని ఒక పెద్ద రచయిత కోసం సీన్లు రాసి ఫోన్లో పంపేది. తెర మీద ఆయన పేరు పడేది. ఈమె ఆ సీరియల్ ఆఫీసు వాళ్లకు 'హొసకోట మేడమ్', అంతే.

నేనేమో సీరియళ్లకు బద్ధశత్రువును. ఒక శ్రావణ శనివారం ఆమె ఊళ్లోనే, ఆమె ఎదుటే మైకు పట్టుకుని, "సీరియల్ రాసే చెయ్యీ, అన్నంలో విషం కలిపే చెయ్యీ ఒకటే! ఇంటింటికీ నిప్పు పెట్టి పోతా ఉండారు!" అని ఉరిమాను. ఆడవాళ్లంతా వెనక్కి తిరిగి వదిన వైపు చూశారు. ఆమె మాత్రం భక్తిగా తలూపుతూ వింది. మర్నాడు నాకు ఉగ్గాని వడ్డిస్తూ, "మరిదీ, ఆ విషం కలిపే చెయ్యి మాట ఇంకొక్కసారి చెప్పప్పా. ఉప్పూ కారం సరిగ్గా పడినాయి" అంది. పశ్చాత్తాపపడిందనుకుని, చేయి ఊపుతూ రెండుసార్లు చెప్పాను.

కొన్నాళ్లకు పావగడ బస్టాండు పక్క హోటల్లో వడ తింటున్నాను. అక్కడ టీవీలో ఒక దొంగస్వామి కోడలిపిల్లను బెదిరిస్తున్నాడు. మాటలు నావే, ఊపిన చెయ్యి కూడా నాదే! హోటలాయన గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. "స్వామీ, వీడెవడో అచ్చం మీ మాదిరే అరుస్తా ఉండాడే!"

వడ వదిలేసి హొసకోట బస్సెక్కాను.

"నా మాటను దొంగస్వామి నోట్లో పెడతావా వదినా?"

"తొందరపడొద్దప్పా. వచ్చే నెల వాడు మంచోడైతాడు. నిన్ను చూసే అట్ల రాసుకున్నా. అంతలోపల వాని డేట్లు అయిపోతే మాత్రం నేనేం చేసేది? లారీ కింద పడతాడు."

డేట్లంటే ఆ నటుడు షూటింగుకు ఇచ్చిన రోజులు. అవి అయిపోయాయి. స్వామి లారీ కిందే పడ్డాడు. మారే భాగ్యం కూడా దక్కలేదు వాడికి.

నేను పోట్లాటకు వెళ్లిన ఆ రోజే సీరియల్ ఎట్లా పుడుతుందో ఆమె నాకు చెప్పింది. చానెల్లో ఒక అరగంట ఖాళీ అవుతుంది. కథ కావాలని నలుగురికీ చెబుతారు. రెండు పేజీల్లో రాసి పంపాలి. "కొత్తగా ఉండాల, కానీ ఆడతా ఉండే పాతదాని మాదిరే ఉండాల అంటారు మరిదీ. అది యాడ దొరకతాది?" అని నవ్వింది. ఆ రెండు పేజీలను పదిమంది చదువుతారు, తలా ఒక చెయ్యి వేస్తారు. అన్నీ దాటి తెర మీదికి వచ్చిందా, ఇక వారం వారం ఎంతమంది చూశారన్న లెక్క వస్తుంది. అది కాస్త తగ్గితే పెళ్లి ఆగిపోతుంది, చనిపోయినవాడు లేచి వస్తాడు. పొద్దున ఫోన్ చేసి కథ మారిందంటారు, మధ్యాహ్నానికి సీన్ ఇమ్మంటారు. "మేకప్ వేసుకుని కూర్చున్నారు మేడమ్!" ఆ ఒక్క మాటకు ఆమె ఎన్ని కంచాల ముందు నుంచి లేచిపోయిందో! పావగడ బస్సులో నిలబడి, ఎరువుల కరపత్రం వెనక ఒక తల్లి ఏడుపు రాయడం నేను కళ్లారా చూశాను.

"ఇంత చేసి, పేరు కూడా పడకపోతే ఎట్ల వదినా?" అన్నాను.

"ఫలం మీద ఆశ లేకుండా పని చెయ్యమని నువ్వు మైకులో చెప్తావు. నేను దినామూ చేస్తా ఉండా. మనిద్దర్లో స్వామి ఎవరప్పా?"

అయ్యలారా, నా ఉపన్యాసానికి అంత సూటి జవాబు ఏ పండితుడూ ఇవ్వలేదు.

అలాగని ఆశే లేదనుకోకండి. ఒక్కటి ఉండేది. తన సొంత కథ ఒకటి తెరకెక్కాలి, 'కథ' అన్న మాట పక్కన తన పేరు పడాలి. ఒకసారి ఆ అవకాశం గడప దాకా వచ్చింది. రోజూ ఈమె దగ్గర సీన్లు తీసుకునే చానెల్ అమ్మాయి, "మీ కథ ఏదైనా ఉంటే వారంలోపు పంపండి మేడమ్" అంది. వదిన నా స్కూటరెక్కి వల్లూరు పదమంది.

వల్లూరులో ఇప్పుడు శెనక్కాయ చేలు లేవు. కనుచూపు మేర సోలార్ పలకలే. వాటిని కడిగే ఆడవాళ్ల దగ్గర నిలబడ్డాం. సూపర్‌వైజరు చేతిలో కాగితం పట్టుకుని అరుస్తున్నాడు, "ఏ బ్లాకు కడిగితిరి, ఏ వరస, చెప్పండమ్మా!"

"బండ చేను అయిపోయింది. ఎర్రమట్టి చేను కాడ ఉండాము" అంది ఒకామె, పైపు వదలకుండానే.

"చేను యాడిదమ్మా? నంబరు చెప్పు!"

"నంబర్లు నీకు నాయనా. ఈడ ఇరవై ఏండ్లు కలుపు తీసినాను. ఇది ఏ చేనో నాకు తెలీదా?"

ఆమెకు సెంటు భూమి లేదు. చేలున్నవాళ్లకు సోలార్ కంపెనీ నుంచి ఏటా కౌలు వస్తోంది. చేనే లేనిదానికి చేను పోయిన బాధ ఎవరితో చెప్పుకోవాలి? అదే వదిన కథ. తిరిగి వచ్చే దారిలో నా వీపు వెనక ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నట్టు తెలుస్తూనే ఉంది.

అంతలో ఆమె కంటికి పొర ఆపరేషన్ అయింది. ఆమె చెబితే నేను రాసుకుని, పావగడలో టైపు చేయించి పంపాను. నా పాపం అక్కడే ఉంది. ఆమె కథ ఆ కూలి మనిషి పైపు పట్టుకుని నిలబడిన చోట ఆగింది. నేను పురాణం చెప్పేవాణ్ణి. మంగళం పాడకుండా, ఫలశ్రుతి చెప్పకుండా ఏ కథనూ మడిచి పెట్టిన అలవాటు లేదు. ఆమెకు చెప్పకుండా చివర నాలుగు వాక్యాలు చేర్చాను. కూలి మనిషికి చేను దక్కింది, చేలు కౌలుకు ఇప్పించిన దళారికి బుద్ధి వచ్చింది, ఈ కథ చూసినవారికి సకాలంలో వానలు కురియుగాక! సేవ చేశాననే అనుకున్నాను.

నాలుగో రోజు అమ్మాయి ఫోన్ చేసింది. స్పీకర్లో అందరం విన్నాం. "కథ చాలా బాగుంది మేడమ్. కానీ అయిపోయింది కదా! అయిపోయే కథతో మేము సీరియల్ ఎలా తీస్తాం? ఆ వానల మాట చదివి మా సార్ నవ్వేశారు. ఆ టైము వేరేవాళ్లకు ఇచ్చేశారు."

కట్టు లేని ఒంటి కన్నుతో వదిన నా వైపు చూసింది. నేను గోడకు అంటుకుపోయాను. "వానలు పడాలని రాసినావా మరిదీ?" అని పగలబడి నవ్వింది, అన్న అంగట్లోంచి పరుగెత్తుకొచ్చేదాకా. ఆ తర్వాత రెండు రోజులు కలం ముట్టలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఏడు అదే కథ కోసం మళ్లీ అడిగారు. పేరు కూడా వేస్తామన్నారు. ఒక్క మార్పు కావాలట. పలకలు కడిగే మనిషి చివరికి ఆ కంపెనీ ఓనరుకు చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు కావాలి. నా తప్పు కడిగేసుకునే దారి దొరికిందని నేను ఎగిరి గంతేశాను.

"ఒప్పుకో వదినా! పేరు పడతాది!"

"కూలి మనిషి కూలి మనిషిగా ఏడిస్తే ఎవరికీ కన్నీళ్లు రావా మరిదీ? ఓనరు కూతురైతేనే వస్తాయా?" అంది. ఫోన్ తీసి, ఆ అమ్మాయి నొచ్చుకోకుండా మెల్లగా వద్దని చెప్పింది. తర్వాత పెద్ద రచయిత కోసం ఎవరిదో సీమంతం సీన్ రాయడానికి కూర్చుంది.

నాకు చదువు చెప్పిన గురువంటూ లేడు. కథ చెప్పడం మాత్రం కొంత ఆమె దగ్గరే నేర్చుకున్నాను. "చెడ్డోనికీ ఒక్క మంచి మాట ఇయ్యి మరిదీ, అప్పుడు జనం ఊపిరి బిగబట్టి వింటారు" అనేది. అప్పటినుంచి నా ఉపన్యాసాల్లో రాక్షసులు కూడా ఒక్కోసారి తల్లిని తలుచుకుంటున్నారు. జనం నిజంగానే వింటున్నారు.

ఆమె పోయిన మూడో రోజు ఆమె ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. "మేడమ్, సీన్ రాలేదు. మేకప్ వేసుకుని..." అదే అమ్మాయి. చెప్పాను. అటువైపు నుంచి ఏడుపు వినిపించింది.

"తల్లీ, ఆమె చివరిగా పంపింది ఇంకా రాలేదు కదా?"

"సోమవారం వస్తుంది సార్."

"దానికైనా ఆమె పేరు వెయ్యండమ్మా. ఫలం కోరొద్దని ఊరూరా చెప్పేవాణ్ణి, నేనే అడుగుతా ఉండా."

"నేను చిన్నదాన్ని సార్. మా సార్ కాళ్లయినా పట్టుకుంటాను. మేడమ్ పూర్తి పేరు చెప్పండి. మా దగ్గర హొసకోట మేడమ్ అనే ఉంది."

మా ఇంట్లో మరిది వదినను పేరుతో పిలవడు. మొగుడు కూడా పెళ్లాన్ని పేరుతో పిలవడు. ఫోన్ అన్నకు అందించాను. ఇన్నేళ్లూ "ఏమే", "ఇదో" అని తప్ప పిలిచి ఎరగడు. భుజం మీది తువ్వాలు తీసి, లేచి నిలబడ్డాడు. ముందు ఇంటిపేరు చెప్పాడు, తర్వాత ఆమె పేరు. వినపడలేదంది అమ్మాయి. రెండోసారి వీధిలోకి వినపడేటట్టు చెప్పాడు.

సోమవారం సాయంత్రం అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఎప్పటిలాగే పేర్లు గబగబా పరుగెత్తాయి. అన్న కూడబలుక్కుని చదువుతాడు, ఆ వేగం అందుకోలేడు.

"వచ్చినాదా?"

"వచ్చినాదన్నా. మాటలు అని వేసి, కింద చిన్నగా."

లేచి వెళ్లి తెర మీద అరచెయ్యి పెట్టాడు. అప్పటికే అక్కడ సబ్బు ప్రకటనలో ఎవరో అమ్మాయి నురగతో మొహం కడుక్కుంటోంది. ఆ వెలుగులో ఆయన పెదవులు కదులుతున్నాయి, నోటికి కొత్తగా వచ్చిన ఒక పేరును మళ్లీ మళ్లీ పలికి చూసుకుంటున్నట్టు.